ఏ పచ్చో చెప్పు

మా ఆయనకు ముక్కు మీద కోపం పెళ్ళినాటి నుంచీ ఉంది. కడుపులో కుళ్ళు మాత్రం మా తమ్ముడు ఆయన పనిచేసే బొమ్మల కాలేజీలో చేరాక పుట్టుకొచ్చింది.

ఆయన మొదటి సంవత్సరం పిల్లలకు రంగుల పాఠం చెబుతారు. బొమ్మలు వేసేవాళ్ళు, బట్టల డిజైన్లు నేర్చుకునేవాళ్ళు, అందరూ ముందు ఆయన చేతి కింద నలగాల్సిందే. ఎరుపు, పసుపు, నీలం తల్లి రంగులు. వాటిని రెండేసి కలిపితే నారింజ, ఆకుపచ్చ, ఊదా పుడతాయి. అన్నిటినీ ఒక చక్రంలో పేర్చి, గీత దాటకుండా నింపి చూపించేదాకా పిల్లల్ని ఇంకో కాగితం ముట్టుకోనివ్వరు. అందుకే ఆయనకు చక్రం మాస్టారని పేరు పెట్టారు. ఆ పేరు వినగానే కోపం నటిస్తారు గానీ లోపల్లోపల మురిసిపోతారు.

ఆయన క్లాసులో ఊరికే 'పచ్చ' అని ఎవరూ అనకూడదు. "మన నోటికి పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. బజారులో చెల్లుతుందేమో, నా దగ్గర చెల్లదు. ఏ పచ్చో చెప్పు!" అని గుడ్లురుముతారు. చెప్పనివాణ్ణి నిలబెడతారు. ఇంట్లో నాకూ అదే బాధ. పచ్చ దుప్పటి పరిచానంటే చాలు, "ఏ పచ్చ?" అని మంచం దగ్గరే ఆగిపోయే మనిషి.

మా తమ్ముడి చేతికి కుంచె ఇచ్చింది ఈయనే. "నీ తమ్ముడు ఊరికే తిరిగి చెడిపోతున్నాడే, నా వెంట పంపించు" అని తీసుకెళ్ళి, వేలు పట్టుకుని రంగు కలపడం నేర్పారు. పిల్లలు ఎక్కువై రెండు సెక్షన్లు చేసినప్పుడు కాలేజీలో రెండో మాస్టారుగా పెట్టించిందీ ఈయనే. పెట్టించాక తెలిసింది, వాడంటే పిల్లలు పడి చస్తారని.

వాడి పద్ధతి వేరు. మొదటిరోజు చక్రం జోలికే పోడు. బూడిదరంగు కాగితాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి ఎర్ర అట్ట మీద, ఇంకోటి ఆకుపచ్చ అట్ట మీద పెడతాడు. ఎర్ర అట్ట మీది ముక్క కాస్త ఆకుపచ్చగా, రెండోది కాస్త ఎర్రగా కనిపిస్తాయి. "ఇవి రెండూ ఒకటేనా?" అంటే పిల్లలు కానే కాదని ఒట్టేస్తారు. అట్టలు లాగేస్తాడు. క్లాసంతా ఒకటే అరుపులు. "రంగు ఒంటరిగా బతకదర్రా. పక్కన ఎవరున్నారో చూసి మారిపోతుంది" అంటాడు.

ఆ అరుపులు పక్కగదిలో ఉన్న మా ఆయన చెవిన పడ్డాయి. ఆ సాయంత్రం ఇంటికొస్తూనే సంచీ విసిరికొట్టారు.

"నీ తమ్ముడు పాఠం చెప్పడం లేదే, గారడీ చేస్తున్నాడు. రేపు నోట్లోంచి కాగితాల దండ తీస్తాడు, చూస్తూండు!"

వాడి మీద ప్రేమగా ఉన్న రోజున 'నా బావమరిది', ఒళ్ళు మండిన రోజున 'నీ తమ్ముడు'. అప్పటికి బావమరిది అనే మాట మా ఇంట్లో వినపడి చాలా కాలమైంది.

"పిల్లలకు నచ్చుతోంది కదండీ" అన్నాను.

"నచ్చడానికి అదేమన్నా నాటకమా? చక్రం రానివాడికి బూడిద ఎందుకు?" అని ఇంతెత్తున లేచారు.

ఇంతలో ప్రిన్సిపాల్ ఇద్దర్నీ పిలిపించారు. వచ్చే ఏడాది నుంచి రెండు సెక్షన్లూ కలిపేస్తున్నారట. రంగుల క్లాసు ఒకరికే. రెండోవారు అక్షరాలు రాయించే క్లాసుకు వెళ్ళాలి. ఆ తర్వాత మా ఆయన్ని ఒక్కర్నే ఆపి, "పెద్దవారు మీరు. మీ బావమరిదికి రంగులు ఎంతవరకు వచ్చో పరీక్షలయ్యాక మీరే చెప్పండి. మీ మాటే ఖాయం" అన్నారట.

ఇక చూడండి నా అవస్థ. ఒకవైపు కట్టుకున్నవాడు, ఒకవైపు తోడబుట్టినవాడు. రంగుల క్లాసు పోతే మా ఆయన మనిషిగా మిగలరు. వాడికీ అదే ప్రాణం. ఈయన ఒక్క మాట అంటే వాడి బతుకు అక్షరాలు దిద్దించడంలో తెల్లారిపోతుంది. ఆ మాట అనడానికి ఈయన నాలుక దురదపెడుతోందని నాకు తెలుసు.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఇంకో రభస మొదలైంది.

"నా చొక్కాలు పచ్చబడిపోతున్నాయి. ఉతకడం మర్చిపోయావా?"

సబ్బు మార్చాను. నీలిమందు పెట్టాను. ఎండలో ఆరేశాను. "అబ్బే" అని మొహం చిట్లించేవారు. చివరకు నాకూ తిక్క రేగి, "అయితే మీరే ఉతుక్కోండి" అని బక్కెట్టు ఆయన ముందు పెట్టాను. ఒకరోజు పాలు కూడా పచ్చగా ఉన్నాయన్నారు. వెళ్ళి పాలవాడిని నానా మాటలూ అని వచ్చాను. పాపం, ఆ మనిషికి ఇప్పటికీ నా మొహం చూస్తే హడలు.

పరీక్షకు నమూనాగా మా తమ్ముడు ఒక పెద్ద పటం వేశాడు. లేత నీలం నుంచి ముదురు నీలం దాకా మెట్లు మెట్లుగా దింపి, అక్కడి నుంచి ఊదాలోకి, ఊదాలోంచి ఎరుపులోకి తీసుకెళ్ళాడు. చల్లటి రంగు వెచ్చటి రంగులోకి ఎలా జరుగుతుందో చూపించే పటం. రెండు సెక్షన్ల పిల్లలూ దాని చుట్టూ మూగారు. మా ఆయన వాళ్ళను తోసుకుంటూ వెళ్ళి, ఒక మెట్టు మీద వేలు పెట్టారు.

"ఈ పచ్చ ఇక్కడికెందుకొచ్చింది? ఆ ఊదా ఏమిటి, ఒట్టి బురద!"

ముందు నిలబడ్డ ఒక అమ్మాయి, ఆయన క్లాసు పిల్లే, వెంటనే అడిగింది. "ఏ పచ్చ మాస్టారూ?"

అందరూ గొల్లుమన్నారు. ఆయన మొహం కందగడ్డ అయింది. "ఆకుపచ్చ! కనపడటం లేదా?" అని అరిచారు. నవ్వులు ఆగిపోయాయి. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మా తమ్ముడు ముందుకొచ్చి, "అవును బావా, నాదే పొరపాటు. నీలంలో పసుపు పడినట్టుంది" అని పటం చుట్టేశాడు.

ఆ రోజు ఆయన ఇంటికొచ్చిన తీరు చూడాలి! ఊళ్ళు గెలిచి వచ్చినట్టే.

"ఒప్పుకున్నాడే, అందరి ముందూ ఒప్పుకున్నాడు! నీలానికీ ఆకుపచ్చకీ తేడా తెలియనివాడికి రంగుల క్లాసేమిటని ప్రిన్సిపాల్‌తో చెప్పేస్తాను" అంటూ రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు. నేను నా కంచం పక్కకు జరిపాను.

మర్నాడు ఆయన బయటికి వెళ్ళాక మా తమ్ముడు పెరటి వైపు నుంచి వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"అక్కా, బావతో అననంటే ఒక మాట చెబుతాను. ఆ పటంలో పచ్చ లేదు."

"ఏ పచ్చరా?" అన్నాను. ఆయన సహవాసం మరి.

"ఏ పచ్చా లేదు. ఆకుపచ్చా లేదు, పసుపూ లేదు. అది నీలం అక్కా. ఎవరిని అడిగినా నీలమనే అంటారు."

నా కళ్ళు దండెం మీదికి పోయాయి. ఆయన చొక్కాలు ఆరుతున్నాయి. తెల్లగా, చూస్తే కళ్ళు చెదిరేంత తెల్లగా ఉన్నాయి. తప్పు సబ్బుదీ కాదు, పాలవాడిదీ కాదని తెలిసింది. ఆ వెంటనే, ఈ మనిషి నా చేత ఎన్నిసార్లు ఉతికించాడురా భగవంతుడా అని కోపమూ వచ్చింది.

నా కళ్ళకు చత్వారం వచ్చింది, తోడు రమ్మని చెప్పి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ ఆయన్ని కూర్చోబెట్టాను. డాక్టరమ్మ చూసి, "శుక్లాలు బాగా ముదిరాయి. తెలుపు పసుపుగా, నీలం ఆకుపచ్చగా కనిపిస్తూ ఉండాలే! మెల్లగా వస్తుంది కాబట్టి మీకు తెలియలేదు. ఒక కంటికి ముందు ఆపరేషన్ చేద్దాం, రెండోది తర్వాత" అంది.

 ఇంటికొచ్చే దారిలో ఆయన అడిగారు. "వాడికి తెలుసా?"

"తెలుసు."

"తెలిసే, తన పొరపాటని ఒప్పుకున్నాడా?"

"మీ పరువు కాపాడాడు."

అంతే, నడిరోడ్డు మీద నిలబడిపోయారు. "ఎవడు కాపాడమన్నాడు? నా పిల్లల్ని లాక్కున్నాడు. ఇప్పుడు మంచితనంలో కూడా వాడే ముందుండాలా? నాకంటూ ఏదీ మిగల్చడా?"

"కుళ్ళు మిగిలిందిగా. అందులో మిమ్మల్ని మించినవాడు లేడు, ఎవరూ లాక్కోరు లెండి" అన్నాను. అన్నాక ఆయన మొహం చూసి ఏడుపొచ్చింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కట్టు విప్పాక మొదట నన్నే చూశారు.

"నీకిన్ని ముడతలు ఎప్పుడొచ్చాయే?"

"మీ చొక్కాలు ఉతికి ఉతికి."

ఇంటికొచ్చాక గోడ ముందు నిలబడి, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి చూడటం మొదలుపెట్టారు. "ఇటు తెలుపు. ఇటు పసుపు. ఒకటే గోడే!" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. ఉన్నట్టుండి సంబరం ఆగిపోయింది.

"వాడి పటం తెప్పించు" అన్నారు.

తెప్పించాను. కిటికీ దగ్గర పరిచి, పాత కన్ను చేత్తో మూసుకుని వంగారు. వేలు నీలం మెట్ల మీద ఒక్కొక్కటిగా దిగింది. ఎక్కడా తడబడలేదు. ఊదా దగ్గర ఆగి, అక్కడే ఉండిపోయింది. ఆకలితో ఉన్నవాడు పక్కవాడి కంచంలోకి చూసినట్టు చూశారు దాన్ని.

"ఇది నేను నేర్పింది కాదు. ఎలా కలిపాడే వీడు?"

"బాగుందా?"

"వాడికి రంగులు రాకపోయినా పేరొచ్చిందని కుళ్ళుకున్నాను ఇన్నాళ్ళూ. అదెంత హాయిగా ఉండేది! ఇప్పుడు నిజంగానే వచ్చని కుళ్ళుకోవాలి. ఇది నా వల్ల కాదే."

ఆ తర్వాతి వారం నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళారు. ఆయన వచ్చేదాకా నేను వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. వాడికి రంగులు రావని ఒక్క మాట అంటే చాలు, కాదనేవాడు లేడు. వాడు అందరి ముందూ తన నోటితోనే ఒప్పుకున్నాడాయె. వచ్చి, చెప్పులు విడిచి, గడప దగ్గరే కూర్చున్నారు.

"ఏం చెప్పారు?"

"ఎంతవరకు వచ్చని అడిగారు. నాకంటే ఎక్కువ వచ్చని చెప్పాను. ఆ పటంలో తప్పు లేదని, తప్పు నా కంటిదని కూడా చెప్పాను. క్లాసు వాడికే."

"మనస్ఫూర్తిగానే అన్నారా?"

"మనసా? కడుపు రగిలిపోతోందే ఇక్కడ! వాడికి రాదని చెబుదామనే నోరు తెరిచాను. ఆ ఊదా చూసిన కన్నుతో అబద్ధం ఎలా ఆడను?"

వెంటనే తమ్ముడికి కబురు చేయబోయాను. చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఇప్పుడే చెప్పకు. వాడు పరిగెత్తుకొచ్చి 'బావా' అంటూ నన్ను వాటేసుకుంటే నేను తట్టుకోలేను. ఈ ఒక్కరోజూ నన్ను కుళ్ళుకోనీ."

"సరే, కుళ్ళుకోండి" అని పక్కనే కూర్చున్నాను.