హీటర్ పక్కన డప్పు

ఆ సాయంత్రం ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో కళోత్సవం. పోస్టర్ మీద నా పేరు, డప్పు బొమ్మ వేశారు. మనవాళ్లంతా పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. అక్కడికి వెళ్లే బస్సులో డప్పు మీద ఒక్కటి కొట్టి చూస్తే తడి గోనెసంచిని కొట్టినట్టుంది. వానకి తోలు మెత్తబడింది. మా ఊళ్లో అయితే గడ్డిమంట మీద కాచేవాళ్లం. ఇక్కడ మంట వేస్తే డప్పు కంటే ముందు ఫైర్ అలారం మోగుతుంది.

పక్క సీట్లో ఐరిష్ పెద్దావిడ తన డప్పుని, వాళ్లు బౌరాన్ అంటారు, కాళ్ల దగ్గరి హీటరుకి ఆనించి పెట్టుకుంది. ఆవిడా ఆ కళోత్సవంలోనే వాయించాలి.

"టోస్ట్ చేస్తున్నారా?" అన్నాను, నా భయం బయటపడకుండా.

ఆవిడ నవ్వుతూ నా డప్పుని తట్టి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"అయ్యో, దీనికి ప్రాణం లేదు నాయనా!" అంటూ తనది ఒళ్లోకి తీసుకుని, నాది హీటరుకి ఆనించింది.

"మరి మీది?"

"నాది గ్రాండ్," అంది, బాగానే ఉందన్నట్టు.

హాల్లో మొదటి వంతు ఆవిడదే. వేడి చాలని బౌరాన్ మొద్దుగా మోగింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత నా డప్పు ఖణేల్మంది. ఆవిడ ముందు వరసలో కూర్చుని కాలితో తాళం వేస్తోంది. మధ్యలో చెబుదామనుకున్న జోకులు మానేసి, ఆవిడ కాలి తాళానికే డప్పు కొట్టాను.