ఠాణాల పడ్డ డోలు

మా బాపు ఒగ్గు కథ చెప్పేటోడు. ఇబ్రహీంపట్నం చుట్టుముట్టు ఊర్లల్ల ఎవలింట్ల మల్లన్నకు ముగ్గుల పట్నాలు వేసి కొలిసినా ఆయన డోలు మోగాల్సిందే. నాకు అన్నదమ్ములు లేరు. గందుకని వెనుక వంత పాడేటిది నేనే. ఆడపిల్ల వంత పాడుడేందని కొందరు మూతి తిప్పిన్రు గని, నా గొంతు ఇన్నంక మళ్ల తిప్పలే.

నిజాం సర్కార్ ఉన్నన్ని దినాలు కథ చెప్పాలంటే ఠాణాల అర్జీ పెట్టాలె. అదిగూడ ఉర్దూల.

"ఏం కథ?" అని అమీన్ సాబ్ అడిగేటోడు.

"మల్లన్న పెండ్లి కథ సాబ్."

"పోయినేడే అయింది గద పెండ్లి. మళ్లెందుకు?"

దొరల మీద సంగం లేచిన కాలంల బాపు కథ నడుమ జర కారం కలిపిండు. మల్లన్న గొర్లను దొర బందెలదొడ్డిల కట్టేసినట్టు, మల్లన్న పోయి తలుపు ఇరగ్గొట్టినట్టు. జనం మస్తు నవ్విన్రు. దొర నవ్వలే.

అంతల్నే పోలీస్ యాక్షన్ అయింది. నిజాం దిగిండు, మిలట్రీ లారీలొచ్చినయ్. ఇగ మన రాజ్యమే అనుకోని బాపు డోలు కొట్టుకుంట ఎదురువోయిండు. నెల తిరగకముందే గా జవాన్లే మా ఇంటికొచ్చి గా డోలునే గుంజుకపోయిన్రు. సంగపోళ్లకు సైగలు చేసే సామానని కాగితం రాసిన్రు. బాపును మూడు దినాలు ఠాణాల కూసోబెట్టి ఇడిసిపెట్టిన్రు. డోలును ఇడిసిపెట్టలే.

ఏడాదిన్నర గడిచినంక ఒక పొద్దు మా వాకిట్ల జీపు ఆగింది. కండ్లకు నల్లద్దాలు పెట్టుకున్న అఫ్సర్ దిగిండు. మంత్రిగారు వస్తున్నరట, ఆయన ముంగట జానపద కళలు చూపెట్టాల్నట.

"మీ కళ ఈ దేశానికి తరతరాల సంపద. దాన్ని కాపాడటం ప్రభుత్వ బాధ్యత" అన్నడు.

బాపు దండం పెట్టిండు. "మస్తు సంతోషం సార్. గా సంపద మీ ఠాణాలనే ఉన్నది. ఏడాదిన్నర సంది కాపాడుతనే ఉన్నరు."

అఫ్సర్ ఠాణాకు పోయి డోలు అడిగిండు. కేసు సామాను, ఇయ్యం అన్నరు ఠాణావాళ్లు. కళాకారుడు డోలు లేకుంట ఎట్లని ఈయన, దేశద్రోహం సామాను ఊరి మీదికి ఎట్ల ఇడుస్తమని వాళ్లు. రెండూ ఒక్క సర్కారే మరి. ఆఖరికి ఒక్క దినానికి ఇస్తమన్నరు. డోలుకు కావలిగా ఒక జవాన్ గూడ వస్తడు. తన డోలును తానే బదులు తెచ్చుకుంటున్నట్టు బాపు ఏలిముద్ర వేసిండు.

"కథ ఎంతసేపు?" అని అడిగిండు అఫ్సర్.

"మూడు దినాలు సార్."

"పది నిమిషాల్లో చెప్పాలి."

"పది నిమిషాలల్ల మల్లన్న ఇంకా పుట్టనే పుట్టడు సార్."

బందెలదొడ్డి ముచ్చట తీసేయుమన్నడు. నాకేమో పట్నం నుంచి తెచ్చిన జరీ లంగా ఇచ్చి, పల్లెపిల్ల లెక్క కనవడాల్నంటే ఇదే కట్టుకోవాలన్నడు. "గిది కట్టుకుంటె మా గొర్లే నన్ను గుర్తువట్టయ్ సార్" అన్న. అయినా కట్టిచ్చిన్రు.

బడి ముంగట తడకల పందిరి వేసిన్రు. మంచం మీద ఎండవోసిన మిరపకాయల లెక్క మేము వాడిపోయినంక మంత్రిగారు వచ్చిండు. బాపు లేసి డోలు మీద కట్టె వేసిండు. ఒకటి, రెండు, మూడో దెబ్బకు తోలు పటుక్కున చినిగింది. ఠాణాల ఎలుకలు కొరికిపెట్టినయ్. పక్కన కావలున్న జవాన్ బెదిరి ఎనుకకు దుంకిండు.

బాపు డోలు పక్కకు పెట్టిండు. భుజం మీద గొంగడి సదురుకోని, తొడ మీద దరువేసుకుంట కథ ఎత్తుకున్నడు. మల్లన్న గొర్లు పోయి మల్లన్న డోలు వచ్చింది. దొర పోయి సర్కారు వచ్చింది. సర్కారొచ్చి డోలును బందెలదొడ్డిల కట్టేసింది. మళ్ల ఠాణాల కూసోబెడితె ఈసారి ఇద్దర్ని కూసోబెడతరు అనుకున్న. అయినా బాపు నా దిక్కు చూసేసరికి వంత అందుకున్న. జనం ఈలలు, చప్పట్లు. అఫ్సర్ నల్లద్దాలు తీసి చెమట తుడుసుకున్నడు. మంత్రిగారికి తెలుగు రాదు, అందరికంటె గట్టిగ చప్పట్లు ఆయనే కొట్టిండు.

మంత్రే కొట్టినంక ఇగ మమ్ములనెవలు పట్టుకుంటరు? బాపుకు శాలువ కప్పి ఇంగ్లీషు కాగితం ఒకటి చేతుల పెట్టిన్రు. నేను బడిల పంతులుతోని చదివిచ్చిన. "ఈయన కథలు చెప్తడని రాసిన్రు" అన్నడు పంతులు.

"నాకు తెల్వదనుకున్నరా?" అన్నడు బాపు.

చినిగిన డోలును జవాన్ మళ్ల ఠాణాకే మోసుకపోయిండు. బాపు మేకతోలు తెచ్చి కొత్తది బిగిచ్చుకున్నడు. కొన్నేండ్లకు నేను దవాఖాన పనికి పట్నం పోయి, దారిల సర్కారు పాత సామాన్లు చూపెట్టే బంగ్లల అడుగువెట్టిన. అద్దాల బీరువాల మా డోలు! ఎలుకలు కొరికిన చోటు చూసి గుర్తువట్టిన. కింద ఏం రాసున్నదని కావలాయన్ని అడిగిన.

"వాడుకలో లేని పాత వాయిద్యం అని ఉన్నదమ్మ."

"ఎవలు చెప్పిన్రన్న? మా బాపు నిన్ననే తుర్కయాంజాల్‌ల కొట్టిండు గద!"

"అద్దం ముట్టుకోకు, జర దూరం జరుగు" అన్నడాయన.