ఈశ్వరయ్య ముళ్ల ట్రైలోబైట్

గచ్చిబౌలిలో ఇవాళ అద్దాల మేడలు లేచిన చోట ఒకప్పుడు ఏనుగులంత బండలుండేవి. వాటిని పేల్చి పునాదులకు చోటు చేసిన గుత్తేదార్లలో గోపన్‌పల్లి ఈశ్వరయ్య ఒకడు. బండ మీద అరచేయి ఆనిస్తే చాలు, అది ఎటు పగులుతుందో చెప్పేవాడు. పేలుళ్ల మోతకు ఎడమ చెవి పోయాక ఆ పని మానేశాడు. సొంత జొన్నచేను బిల్డరుకిస్తే వచ్చిన ఫ్లాట్లలో ఒకదాంట్లో తానుంటూ, తక్కినవి కిరాయికిచ్చి కాలక్షేపం చేస్తున్నాడు. అంటే, విసుక్కుంటున్నాడు.

కిరాయికున్న యశస్విని ఉద్యోగం మారి బెంగళూరు వెళ్తూ తాళం చెవులివ్వడానికి వచ్చింది. ఆమె చేతిలో కాగితాల మీద బరువుగా పెట్టుకునే నల్లరాయి ఒకటి ఉంది. రాతి మీద, వీపంతా మడతలు మడతలుగా, ఏదో ప్రాణి బోర్లా పడుకుని ఉంది.

“గిదేం పురుగమ్మా?”

“పురుగు కాదంకుల్. ట్రైలోబైట్. సముద్రంల ఉండేది. నలభై కోట్ల ఏండ్ల కింద చచ్చిపోయి రాయైంది. మీరే ఉంచుకోండి, నా సామాన్ల బరువెక్కువైంది.”

ఈశ్వరయ్య దాన్ని చాలాసేపు చూశాడు. తల సగం విరిగిపోయింది కానీ, మిగిలిన ఒక్క కన్ను మాత్రం అలాగే ఉంది.

“నేను పేల్చిన బండలల్ల గిట్లాంటివి ఎన్ని పోయినయో, బిడ్డా.”

“ఒక్కటి గూడ లేదంకుల్. మన బండలు వీటికంటే చాలా పాతవి. అవి నిప్పులకెల్లి పుట్టినయి, వాటిల్ల ప్రాణులుండవు.”

పాపం తగలనందుకు ఆనందించాడు. జీవితమంతా పగలగొట్టిన దాంట్లో ఏమీ లేదని తెలిసి ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు.

అప్పటినుంచి అతనికి ట్రైలోబైట్ల పిచ్చి పట్టింది. మొరాకో నుంచి తెప్పించి అమ్మే ముంబై వ్యాపారి ఒకడు ఫోన్లో దొరికాడు. సుత్తి పట్టిన చేతులు మెత్తటి బ్రష్షు పట్టాయి. రాళ్లకు హాల్లో అద్దాల అల్మారా వచ్చింది. “బతికున్నన్ని దినాలు రాళ్లు పగలగొట్టె, ఇగ వాటికి పండ్లు తోముతున్నడు,” అని భార్య కనకలక్ష్మి వచ్చినవాళ్లకు చెప్పేది.

ఒకరోజు ముళ్ల ట్రైలోబైట్ వచ్చింది. ఒక్క ముల్లూ విరగలేదు. రేగుకంపలా వీపంతా ముళ్లే. కళ్ల మీది గళ్లు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఈశ్వరయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తేలికనిపించింది. వెంటనే కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాడు. చూపు ముందు చేతి మాట చెల్లలేదు.

అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి హేమంత్ ఏలూరు వైపు మనిషి. “ఇంత అపురూపమైంది ఇంట్లో దాస్తే ఎలాగండీ?” అని దాన్నీ, పక్కన తల విరిగినదాన్నీ క్లబ్‌హౌస్‌లో గాజుపెట్టెలో పెట్టించాడు. ఈశ్వరయ్యకు శాలువా కప్పారు. అప్పటిదాకా అతన్ని ‘ల్యాండ్ ఓనర్’ అన్నవాళ్లు ‘సైంటిస్ట్ అంకుల్’ అనసాగారు.

ఒక మధ్యాహ్నం దుమ్ము దులపడానికి ముళ్లదాన్ని ఇంటికి తెచ్చాడు. ఒక ముల్లు మొదలు దగ్గర గుండ్రటి చిల్లు కనిపించింది, దోసె మీద బుడగ పేలినట్టు. పక్కన ఇంకొకటి. సూది కాల్చి ఆనించాడు. ఇల్లంతా ప్లాస్టిక్ కంపు కొట్టింది.

కనకలక్ష్మి వంటింట్లోంచి వచ్చింది. “ఏం కాలుస్తున్నవు?”

“నా ఇజ్జత్.”

ఆమె సంగతి తెలుసుకుని పక్కన కూర్చుంది. “రాళ్లల్ల పుట్టి పెరిగినోనివి. చేతులకు తీసుకున్నప్పుడు తెల్వలేదా?”

“తెలిసింది.”

“మరి?”

“నమ్మబుద్ధి కాలే.”

సాయంత్రం హేమంత్ దగ్గరికి వెళ్లి, దాన్ని ఇక పెట్టెలో పెట్టొద్దన్నాడు.

“ఎవరికి తెలుస్తుందండీ? అలాగే ఉంచేద్దాం.”

“నాకు తెలుస్తది గదా, సారూ.”

చివరికి ఒక రాజీ కుదిరింది. ముళ్లదాన్ని మళ్లీ పెట్టెలోనే ఉంచి, ముందు అట్టముక్క పెట్టారు. దాని మీద ఈశ్వరయ్య పెద్దక్షరాలతో స్వయంగా రాశాడు: ‘ఇది నకిలీ. మోసపోయినవాడు ఈశ్వరయ్య, సి బ్లాక్. పక్కనున్నది అసలుది.’ ఇక ఎవరూ ఇటు తొంగిచూడరనుకున్నాడు.

జనం రెట్టింపయ్యారు. పక్క అపార్ట్‌మెంట్ల నుంచి కూడా వచ్చారు. నకిలీతో సెల్ఫీలు దిగారు. బుడగలు ఎక్కడున్నాయో ఒకరికొకరు చూపించుకున్నారు. అసలుదాన్ని చూసి, “అయ్యో, విరిగిపోయిందే,” అని పక్కకు జరిగారు.

బి బ్లాక్ ప్రియదర్శిని అతని దగ్గరికి వచ్చి అడిగింది. “ఇది ఎక్కడ దొరుకుతుందండీ? మా హాల్లోకి బాగుంటుంది.”

“గది అసలుది కాదమ్మా.”

“చదివానండి. అసలుదైతే పిల్లలు పగలగొడతారని భయం కదా.”

ఈశ్వరయ్య ఫోను తీశాడు. వ్యాపారి నంబరు ఇచ్చేశాడు. తరువాత ఇంకొకరికి, ఇంకొకరికి.

నెల తిరగకముందే వ్యాపారి స్వయంగా ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా కృతజ్ఞతలు చెప్పాడు. తిట్టాలని మాటలు దాచుకున్న ఈశ్వరయ్య, “మంచిది,” అని ఫోన్ పెట్టేశాడు.

“ఏమన్నడు?” అంది కనకలక్ష్మి.

“నాలాంటి ఇజ్జతున్న మనిషి హైదరాబాదుల లేడంట.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చివరికి అతనూ నవ్వేశాడు. తరువాత క్లబ్‌హౌస్‌కు వెళ్లి, ఎవరూ అడ్డు చెప్పకుండానే, తల విరిగినదాన్ని జేబులో వేసుకుని వచ్చాడు. అది పెట్టెలో లేదని ఇప్పటిదాకా ఎవరూ గమనించలేదు.