వీధికి తిప్పిన లైటు

ఫ్యాక్షన్ రోజులవి. పెళ్లి ఫోటోల సామాను వేసుకుని ప్రొద్దుటూరులో పులివెందుల బస్సెక్కాను. పక్క సీట్లో ఒకావిడ, రిపేరు చేయించిన ఫోకస్ లైటును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా స్టాండ్లు చూసి అడిగింది.

“ఫోటోలు తీస్తావా అప్పా? ఈ లైటు యాడ కడితే పందిట్లో అందరి మొకాలు బాగా కనపడతాయి?”

“ఇన్నాళ్లూ యాడ కట్టినారక్కా?”

“మిద్దె మీద, వీధి పక్కకు తిప్పి. వచ్చేటోని కండ్లల్లో పడాల, మేము చీకట్లో ఉండాల. అట్లే బతికినాం. ఇప్పుడు రాజీ అయింది. మా కొడుకు పెండ్లికి రెండు పార్టీలోళ్లూ మా పందిట్లోనే తింటారు.”

లైటు సూటిగా కళ్లలో పడితే ఎవరైనా గభాలున చెయ్యి పైకెత్తుతారు. అట్లాంటి పందిట్లో చెయ్యి లేస్తే, ఎదుటివాడు కత్తి కోసమే అనుకుంటాడు.

“ఎవరి మీదికీ తిప్పొద్దక్కా. సున్నం గోడ మీద పడనీ. గోడకు తగిలి వచ్చే వెలుతురు ఎవరి కండ్లల్లోనూ పొడవదు. అందరూ కనపడతారు” అన్నాను. వెలుతురు నా విద్య.

ఆమె లైటు అద్దాన్ని తన వైపు తిప్పుకుని కొంగుతో తుడిచింది.

“అవతలి పార్టీవాళ్లు వస్తారంటావా?” ఆగలేక అడిగాను.

“యాల రారు? లైటు గోడకు తిప్పినామని రోడ్డు మీదికే తెలుస్తాది గదప్పా” అంటూ వేములలో దిగిపోయింది.

ఆ పెళ్లి ఎట్లా జరిగిందో నాకు తెలియదు. ఇప్పటికీ నేను ఏ పెళ్లిలో లైట్లు కట్టినా, కెమెరా తీసేముందు ఒకసారి వీధిలోకి వెళ్లి, వచ్చేవాడిలా లోపలికి నడిచి చూసుకుంటాను.