దోర వెలక్కాయల జెల్లీ

నాన్న గొంతు మూసుకుపోవడం మొదలయ్యేనాటికి నూజివీడు చుట్టుపక్కల మాకు ఒక్క మామిడి చెట్టూ మిగల్లేదు. ఎనభయ్యో దశకం అది. మా తోటలు కొన్నవాళ్లు మా ఇంటి ముందు నుంచే లారీల్లో కాయ తోలుకుపోయేవారు. పెరటి గోడ పక్కన ఒక వెలగ చెట్టు మాత్రం మాదే. దాన్ని ఎవరూ అడగలేదు.

ఆపరేషనుకు సమయం దాటిపోయిందని బెజవాడ డాక్టరు చెప్పాడు. మెత్తగా జారేవి పెట్టమన్నాడు. జావ, మజ్జిగ, సగ్గుబియ్యం, ఏది పెట్టినా నాన్న పెదవి దగ్గరే ఆపేసేవారు. ఒకరోజు, "వెలగపండు జెల్లీ ఉంటే తింటానేమోరా" అన్నారు. తాతగారి రోజుల్లో పెద్ద పెద్ద అధికారులు భోజనానికి వస్తే, చివర్లో గాజు గిన్నెల్లో అది వచ్చేది. ముదురెరుపు రంగు, స్పూను తగిలితే వణికేది. ఎలా చేస్తారో మాలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవలసిన అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు.

అమ్మ లేదు, నాకు పెళ్లి కాలేదు. కిరసనాయిలు స్టౌ ముందు నేనే కూర్చున్నాను. బాగా పండినవి, వాసనకే నోరూరేవి ఏరాను. నాన్నకు పెట్టేది మేలురకంగా ఉండాలి కదా. గుజ్జు ఉడికించి, గుడ్డలో వేసి ఆఖరి బొట్టు దాకా పిండాను. రేషను పంచదార పోసి మరిగించాను. బురద రంగు పాకం మిగిలింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అంతే. నాన్న గిన్నె వంచి చూసి మొహం గోడవైపు తిప్పుకునేవారు. చొక్కా ఆయన ఒంటి మీద వేలాడుతోంది.

ఆ పని వచ్చిన మనిషి ఒక్కతే, మా పాత వంటావిడ. వెండి గరిటె పోయిందని నాన్న ఆమెను పనివాళ్లందరి ముందూ నిలబెట్టి, మూట విప్పించి వెతికించి, పంపేశారు. రెండేళ్ల తర్వాత గాదె ఖాళీ చేస్తుంటే అడుగున గరిటె దొరికింది. "ఈ సంగతి గడప దాటకూడదు" అన్నారు నాన్న. దాటలేదు.

ఆమె ఊరు చాట్రాయికి బస్సెక్కాను. ఆమె తమ్ముడి ఇంటి అరుగు మీద చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"చినబాబుగారా! ఇంత దూరం మీరే వచ్చారేంటండీ?"

నాన్న జబ్బు సంగతి, జెల్లీ సంగతి చెప్పాను.

"గరిటె దొరికిందాండీ?" అంది.

నిజం చెబితే మా ఇంటి పరువు ఆమె చేతిలో పెట్టినట్టే. "లేదు" అన్నాను. "అయినా నాన్నగారే నిన్ను రమ్మన్నారు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "దొరక్కపోయినా పిలిచారంటే, నేను తియ్యలేదని ఆయనకి తెలిసిందన్నమాట. ఉండండి, చీర మార్చుకొస్తాను."

మా వంటింట్లో గిన్నె అడుగున ఉన్నది చూసి నవ్వింది. "గోడలకి పూయడానికాండీ ఇది? ఇంత పండినవి ఎందుకేశారు? పండింది తినడానికి. గట్టిపడాలంటే దోరకాయ కావాలి." నాతోనే కోయించింది. ఉడికిన గుజ్జును గుడ్డలో కట్టి వేలాడదీసింది. నేను పిండబోతే చెయ్యి పక్కకి నెట్టింది. "దానంతటదే కారాలి బాబూ. దేన్నైనా ఆఖరి బొట్టు దాకా పిండటమే తెలుసు మీవాళ్లకి."

ఆ రాత్రి అక్కడే పడుకుంది. మర్నాటికి జెల్లీ గట్టిపడింది. గిన్నె నేను తీసుకెళ్లాను. గది బయట తలుపు పక్కన ఆమె, నాన్న పిలుస్తారని నిలబడింది.

నాన్న ఒక స్పూను మింగారు. రెండోదీ మింగారు. దగ్గు రాలేదు.

"అదేరా" అన్నారు. అంతలోనే కళ్లు అనుమానంగా నా మీదికి తిరిగాయి. "ఎవరు చేశారు? ఆ వంటదాన్ని గానీ ఇంట్లోకి తెచ్చావా?"

మూడో స్పూను నా చేతిలో ఆగిపోయింది. అవునంటే ఆయన ఇక నోరు తెరవరు.

"నేనే చేశాను" అన్నాను.

నాన్న నోరు తెరిచారు.

నేను వంటింట్లోకి వెళ్లేసరికి ఆమె గిన్నెలు కడిగి బోర్లించి, సంచి సర్దుకుంటోంది.

"మరి నన్ను రమ్మన్నదెవరండీ?"

మజ్జిగైనా తాగి వెళ్లమన్నాను. ఆమె సంచి నోరు తెరిచి నా ముందు పట్టుకుంది. "చూసుకోండి" అంది. నేను చూడలేదు. తల వంచనూ లేదు. ఆమె వెళ్లిపోయింది.

నాన్న ఇంకో ఐదు వారాలు బతికారు. ఆమె చేసినట్టే దోరకాయలు కోసి, పిండకుండా, రోజు విడిచి రోజు చేశాను. ప్రతిసారీ గట్టిపడింది. ఆయన గొంతు దిగింది అదొక్కటే. చూడటానికి వచ్చిన బంధువులకు గిన్నె చూపించి, వినీ వినపడని గొంతుతో, "మావాడే చేశాడు. ఇది మా ఇంటి చెయ్యి" అనేవారు. నాన్న నా గురించి నలుగురిలో గొప్పగా చెప్పుకున్నది అదొక్కటే. వాళ్లు మెచ్చుకుంటుంటే నేను మంచం పక్కన నిటారుగా నిలబడి వినేవాణ్ణి.