పసుపు దంచే వేళకు మణుగూరు

మా ఆవిడకు బస్సెక్కితే వాంతులు. కారెక్కినా అంతే; ఆ విషయంలో ఆమెకు పేద, ధనిక తేడా లేదు. మణుగూరులో వాళ్ల పుట్టింట్లో ఏ శుభకార్యమైనా, మేం ఖమ్మం నుంచి చేరేసరికి వాకిట్లో ఒక బకెట్, నీడలో ఒక మంచం సిద్ధంగా ఉండేవి. పెద్ద చెల్లెలి పెళ్లికి పసుపు దంచుతుంటే ఆమె ఆ మంచం మీదే నిమ్మకాయ పట్టుకొని పడుకొని రోకలి చప్పుడు విన్నది. రోట్లో మొదటి పోటు పెద్దక్కే వేయాలని వాళ్లింటి ఆనవాయితీ. ఆ రోజు మేనత్త వేసింది. ఆ సంగతి మా ఆవిడ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్లే అదెంత నొచ్చిందో నాకు తెలిసింది.

ఇక మిగిలింది చిన్న చెల్లెలి పెళ్లి. వర్జ్యం రాకముందే పసుపు దంచాలన్నారు. సెకండ్ హ్యాండు కారు ఒకటి కొని, "సొంత బండైతే కావలసిన చోట ఆపుకోవచ్చు" అన్నాను. ఆపుకున్నాం. ఏన్కూరులో ఆపుకున్నాం, జూలూరుపాడు రాకముందే మళ్లీ ఆపుకున్నాం. జూలూరుపాడులో టీ కొట్టాయన మా అవస్థ చూసి, "అమ్మను పేపర్ మీద కూసోవెట్టుండ్రి సార్, కడుపు కదలది" అని నిన్నటి పేపరు ఇచ్చాడు. కొత్తగూడెం దాకా ఆమె రాష్ట్ర రాజకీయాల మీద కూర్చున్నది. వాటి నుంచి ఆశించదగిన ఫలితమే వచ్చింది.

కొత్తగూడెంలో బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, ఏడిదాక వచ్చిండ్రు? అక్కకు నీలం బకెట్ పెట్టాల్నా, ఎర్రదా? అత్త రోకలి కడుక్కొని కూసున్నది."

అప్పటి సెల్‌ఫోన్లు చిన్నవే గానీ గొంతు పెద్దది. పక్క సీటుకు అంతా వినపడింది. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నది.

పాల్వంచ దాటాక "ఆపుండ్రి" అన్నది. ఆపాను. ఈసారి రోడ్డు పక్కకు పరుగెత్తలేదు. చుట్టూ తిరిగి వచ్చి నా డోరు దగ్గర నిలబడింది.

"బస్సు డ్రైవరు కక్కంగ ఎప్పుడన్న చూసిండ్రా?"

ఆలోచించాను. ప్రయాణికులను చూశాను. ఒకసారి కండక్టరును కూడా చూశాను. డ్రైవరును మాత్రం చూడలేదు.

"అయితే దిగుండ్రి."

ఆమెకు లైసెన్సు ఉంది. కారు మాత్రం మా కాలనీ గేటు దాటించలేదు. అవసరం రాలేదని నేను అనేవాణ్ని, అడగలేదని ఆమె అనేది. ఇప్పుడు ముందున్నది అడవి, మలుపులు, బొగ్గు లారీలు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదంటారు. నేను వెరిచాను. ప్రతి మలుపులోనూ నా వైపు లేని బ్రేకును తొక్కాను.

"కాలు నొస్తది, ఊకోండ్రి," అన్నది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఒక ట్రాక్టరును దాటింది. ఎడ్లబండిని దాటినా నేను గర్వపడేవాణ్నే, ట్రాక్టరు అదనం.

అశ్వాపురంలో కారు ఆగింది. నేను అలవాటుగా నీళ్ల సీసా, తువ్వాలు పట్టుకొని దిగాను. ఆమె మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఉంది.

"ఆకలైతున్నది," అన్నది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ప్రయాణం మధ్యలో ఆ మాట వినడం అదే మొదలు. మూడు తిన్నది. ఉల్లిగడ్డ అడిగి మరీ వేయించుకున్నది. నాలుగోది నాకు ఇవ్వబోయింది. నా పరిస్థితి అంత బాగాలేదు, వద్దన్నాను.

మణుగూరులో వాళ్ల బొగ్గుగని క్వార్టరు ముందు పందిరి కింద అందరూ ఉన్నారు. బావమరిది నీలం బకెట్‌తో ఉరికొచ్చి ఎడమ డోరు తీశాడు. లోపల నేనున్నాను.

"అక్కేది?"

అక్క అవతలి వైపు నుంచి దిగి, నలగని పట్టుచీర కొంగు నడుముకు దోపుకుంటూ రోలు దగ్గరికి నడుస్తోంది. మేనత్త రోకలి పట్టుకొనే లేచి నిలబడింది.

"వచ్చినవా బిడ్డా! జరసేపు పండుకుంటవా?"

"రాత్రికి పండుకుంట అత్తా. రోకలి ఇటియ్యి."

మొదటి పోటు పడింది. ముత్తయిదువలు పాట అందుకున్నారు. బావమరిది బకెట్ ఎక్కడ పెట్టాలో తెలియక నా వైపు చూశాడు. దగ్గరలోనే ఉంచమన్నాను.

నీడలో మంచం ఎలాగూ వేసే ఉంది. కాసేపు పడుకున్నాను. రోకలి చప్పుడు అక్కణ్నుంచి బాగానే వినిపిస్తుంది.