తోరణం కట్టిన కెమెరా

కోదండరామ్‌కి కెమెరాల పని మీద మనసు పడింది తన రూమ్మేట్ త్యాగరాజు మూతి పగిలిన రోజున. కెనడాలోని బ్రాంప్టన్‌లో పట్టపగలు, ఫుడ్ డెలివరీ ఇచ్చి కారెక్కబోతుంటే ఇద్దరు ముసుగువాళ్ళొచ్చి పిస్తోలు తిరగేసి నోటిమీద కొట్టారు. ముందుపళ్ళు రెండూ రోడ్డు మీద, కారు వాళ్ళ చేతిలో. పోలీసులొచ్చి మొదట అడిగింది "ఇక్కడ ఎవరింటికైనా కెమెరా ఉందా?" అని. రక్తం ఉమ్ముకుంటున్నవాణ్ణి అడగాల్సిన మాటేనా అది? అడిగారు మరి. నెల తిరక్కుండా ఆ వీధిలో ఇంటింటికీ కెమెరాలు వేలాడాయి.

అది చూసి మనవాడి బుర్ర పాదరసంలా పనిచేసింది. నంద్యాల నుంచి చదువుకోవడానికి స్టడీ పర్మిట్ మీద వచ్చినవాడు, గిడ్డంగిలో పెట్టెలు మోసి నడుం విరగ్గొట్టుకుంటున్నవాడు, భయం ఉన్నచోట పనికి కొదవుండదని కనిపెట్టేశాడు. షాపు షాపూ తిరిగాడు. ఎక్కడికెళ్ళినా "కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అనే ప్రశ్నే. అది దొరుకుతుందనేగా మీ దగ్గరికొచ్చింది అని కడుపులో అనుకుని, పైకి పళ్ళికిలించి బయటికొచ్చేవాడు.

చివరికి చక్రధర్ దగ్గర మాత్రం నోరు విప్పాడు. చక్రధర్‌ది వరంగల్ వైపు. ఒక వ్యాను, రెండు నిచ్చెనలు, ముక్కు మీద కోపం, ఇదీ అతని కంపెనీ. "హైదరాబాద్‌లో రెండేళ్ళు చేశానన్నా" అన్నాడు కోదండరామ్, నాలుక తడబడకుండా. వాడు చేసిందల్లా బస్సులో కూర్చుని ఫోన్‌లో వీడియోలు చూడటం.

మొదటి వారమే ఒక ఇంట్లో గోడకి డ్రిల్ పెట్టి నీళ్ళ పైపుకి బెజ్జం కొట్టాడు. బేస్‌మెంటంతా చిమ్మింది. చక్రధర్ విసిరిన స్క్రూడ్రైవర్ చెవి చీల్చుకుంటూ పోయింది. "రెండేళ్ళు చేసినవా, రెండేళ్ళు చూసినవా?" అని కాలర్ పట్టి గోడకేసి నొక్కాడు. అయినా పొమ్మనలేదు. ఆర్డర్లు వరదలా ఉన్నాయి, మనుషులు లేరు. వీడూ చెవికి ప్లాస్టర్ వేసుకుని మర్నాడు పొద్దున్నే వ్యాను దగ్గర నిలబడ్డాడు. మొండిఘటం!

ఆ మొండితనంతోనే నేర్చుకున్నాడు. అటకల్లో పాకి వైర్లు లాగాడు, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా నిచ్చెన దిగలేదు. కానీ సాయంత్రమయ్యేసరికి గిడ్డంగి షిఫ్టుకి పరిగెత్తాలి కదా, చీకట్లో కెమెరాలో బొమ్మ ఎలా పడుతుందో ఒక్కసారీ చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా వాడికి తట్టలేదు.

ఒంటరిగా చేసిన మొదటి ఇల్లు హైమావతిగారిది. ఆమె భర్త రామమోహనరావుగారు రిటైరైన ఇంజనీరు. పక్క వీధిలో బంగారం కోసం ఇళ్ళు దోస్తున్నారని భయపడి కెమెరా పెట్టించుకుంటున్నారు. గుమ్మం పైన బిగించేటప్పుడు అడ్డమొచ్చిందని తోరణం మేకు పీకేశాడు. అద్దాలు కుట్టిన తోరణం, తళతళలాడుతోంది.

"ఇదెక్కడ కట్టనాంటీ?"

"గుమ్మానికే కట్టు నాయనా, బోసిగా ఉంచకూడదు."

కట్టాడు. ఎక్కడ? కెమెరా బ్రాకెట్‌కే, సరిగ్గా దాని కంటి కింద. ఆంటీ మురిసిపోయింది. మధ్యాహ్నం ఎండలో బొమ్మ అద్దంలా వచ్చింది. ఆమె ఇచ్చిన పులిహోర డబ్బా చంకన పెట్టుకుని, పని వచ్చేసిందన్న ధీమాతో ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

వారానికి హైమావతిగారు ఫోన్ చేసింది. "పొద్దుగూకితే అంతా తెల్లగా కనిపిస్తోంది, ఒకసారి వచ్చి చూడు." డిసెంబరు, ఐదింటికే చీకటి. షిఫ్టుకి పోతూ పోతూ ఆగాడు. హాల్లో కూర్చుని ఆమె ఫోన్‌లో ఆ బటనూ ఈ బటనూ నొక్కుతున్నాడు. చీకట్లో కెమెరా మన కంటికి కనపడని వెలుతురు చిమ్ముతుంది. ఆ వెలుతురు కిందే వేలాడుతున్న తోరణం అద్దాల మీద పడి తిరిగి దాని కంట్లోనే కొడుతోంది. ఏడాది పని చేసినవాడెవడైనా ఇట్టే చెప్పేవాడు. మనవాడు మాత్రం "మంచు ఆంటీ, పొగమంచు" అన్నాడు.

అప్పుడే బెల్ మోగింది.

"ఎవరో చూడు నాయనా" అంది హైమావతిగారు. ఫోన్‌లో తెల్లటి మసక, అందులో ఏదో కదిలింది. "కొరియరయ్యుంటుందాంటీ" అని తనే లేచి తలుపు తీశాడు.

ముగ్గురు. ముసుగులు, సుత్తులు. మొదటి దెబ్బ కోదండరామ్ మణికట్టు మీద పడింది. ఎముక పటుక్కుమన్న చప్పుడు వాడికే వినిపించింది. రెండో చేత్తో గుమ్మం పక్కన పెట్టిన తన సంచిలోని డ్రిల్ అందుకుని ఒకడి దవడ మీద బలంకొద్దీ బాదాడు. వాడు కూలాడు, లేచాడు, వీడి పక్కటెముకల్లో బూటుతో కుమ్మాడు. ఇంకొకడు హైమావతిగారి మెళ్ళో పుస్తెలతాడు పట్టుకుని లాగితే అది తెగలేదు, మెడ తెగింది. నేల మీద ఈడ్చుకుపోతున్నా ఆమె పిడికిలి విడవలేదు. రామమోహనరావుగారు చేతికర్రతో అడ్డం వచ్చారు. పెద్దాయన అని కూడా చూడలేదు దుర్మార్గులు, సుత్తితో నెత్తిమీద కొట్టారు. ఆయన మారుమాట లేకుండా సోఫా పక్కన ఒరిగిపోయారు. కిందపడి ఉన్న కోదండరామ్ ఆ చప్పుడు విన్నాడు. తలుపు తీసింది తనేనన్న ఆలోచన అప్పుడు వచ్చింది, దెబ్బలన్నిటికంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

చివరికి పుస్తెలతాడు తెంపుకుని వాళ్ళు పోయారు. ఆస్పత్రిలో కోదండరామ్ చేతికి కట్టు కట్టాక పోలీసాఫీసరు పక్కన కుర్చీ వేసుకుని ఒక్కొక్కటే ఏకరువు పెట్టాడు. రికార్డింగ్‌లో మనిషన్నవాడే లేడు, తెల్లటి వెలుగు తప్ప. కెమెరా పెట్టింది నువ్వు, తలుపు తీసింది నువ్వు. నీ యజమానికి ఫోన్ చేస్తే 'దొంగ ఎక్స్‌పీరియన్స్ చెప్పి చేరాడు, వాడి సంగతి నాకు తెలియదు' అన్నాడు. "ఆ మెరిసే దండ కెమెరాకి కావాలనే అడ్డం కట్టావా?"

ఆ ప్రశ్న వినేదాకా వాడికి తెలియదు, తప్పు తోరణంలో ఉందని. కేసు పడితే పర్మిట్ పోతుంది, జైలు, ఆ తరవాత నంద్యాల. దొంగలతో కుమ్మక్కైనవాడు అన్న పేరు కూడా వెంటే వస్తుంది. కాదని చెప్పగల మనిషి హైమావతిగారు ఒక్కరే. ఆమె భర్త పై అంతస్తులో స్పృహలేకుండా పడున్నారు.

హైమావతిగారు మెడకి కట్టుతో మెల్లగా నడిచొచ్చింది. కోదండరామ్ తలెత్తలేకపోయాడు. ఆమె ఆఫీసరుతో తాపీగా ఇంగ్లీషులో చెప్పింది. తోరణం అక్కడ కట్టమన్నది నేను. తలుపు తీయమన్నదీ నేనే. ఈ అబ్బాయి మాకోసం దెబ్బలు తిన్నాడు.

తోరణం కెమెరాకి కట్టమని గానీ, తలుపు తీయమని గానీ ఆమె అనలేదు. గుమ్మానికి కట్టమంది, ఎవరో చూడమంది, అంతే. ఆఫీసరు రాసుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు ఆమె తెలుగులో అడిగింది. "నీకు ఈ పని వచ్చా?"

"రాదాంటీ" అన్నాడు.

"నేర్చుకో. బాగా నేర్చుకో." ఖాళీ మెడ మీద కట్టు సర్దుకుంది. "ఏ ఇంటికి వెళ్ళినా చీకటి పడ్డాక ఒకసారి చూసిరా."

"చూస్తానాంటీ. అంకుల్‌గారు లేచాక వచ్చి మీ ఇంటిది కూడా—"

"మా ఇంటికి మాత్రం రాకు నాయనా. నిన్ను చూస్తే నా కళ్ళ ముందు మళ్ళీ ఆ తలుపు తెరుచుకుంటుంది."

ఆమె లిఫ్టు వైపు వెళ్ళింది. వాడు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాడు.